హవల్దారు మామ ట్రంకుపెట్టె

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాల నామినేషన్ల గురించి రాస్తూ, ఇంటి పెద్ద బాగున్నప్పుడే కాగితాలన్నీ ఒకసారి సరిచూసుకోవాలని ఒక మాట అన్నాను. అది చదివి ఒక పాఠకురాలు, "ఈ ముందుచూపు మీకు బ్యాంకు నేర్పిందా, ఇల్లు నేర్పిందా?" అని ఉత్తరం రాశారు. బ్యాంకు నేర్పలేదు. ఉద్యోగంలో చేరి పదిహేడేళ్ళయ్యాక కూడా నాకా బుద్ధి లేదు. నేర్పినవాడు మా మేనమామ. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఈసారికి వడ్డీలు, డిపాజిట్లు పక్కన పెట్టి ఆయన సంగతి చెబుతాను.

మాది కోలారు జిల్లా, ముళబాగిలు వైపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మామ 1938లో పుట్టాడు. ఆ మెట్టచేను నమ్ముకుంటే ఆరుగురికి సంగటి పుట్టదని, 1957లో పంతొమ్మిదో ఏట ఇంట్లో చెప్పకుండా బెంగళూరు బస్సెక్కి, అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ సాపర్ల కేంద్రంలో వరసలో నిలబడ్డాడు. పేరులో మద్రాసు ఉన్నా ఆ దళానికి ఇల్లు బెంగళూరే. 1780లో రెండు కంపెనీల మద్రాస్ పయొనీర్లుగా మొదలైంది. దక్షిణాది భాషలవాళ్ళందరూ అందులో కలిసి ఉంటారు. మిగతా సైన్యం వాళ్ళను ముద్దుగా 'తంబి' అని పిలుస్తుంది. తుపాకీతో పాటు పలుగూ పారా కూడా పట్టాల్సిన ఉద్యోగం. వంతెనలు కట్టాలి, దారులు వేయాలి, శత్రువు పాతిన మందుపాతరలు వెదికి తీయాలి. అందులో మామూలు జవానును సిపాయి అనరు, సాపర్ అంటారు. మామ సాపర్‌గా చేరి, 22 ఏళ్ళ తర్వాత 1979లో హవల్దారుగా ఇంటికొచ్చాడు. ఆ తర్వాత మా వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం కాలేదు.

1961లో సెలవులో వచ్చినప్పుడు పెళ్ళయింది. అత్తకు చదువు రాదు. మామ రాసే ఉత్తరాలు మా అమ్మ చదివి వినిపించేది, జవాబూ అమ్మే రాసేది. పైన చిరునామా కేరాఫ్ 56 ఎ.పి.ఓ. అని ఉండేది కాని, మనిషి కాశ్మీరులో ఉన్నాడో పంజాబులో ఉన్నాడో తెలిసేది కాదు. చెల్లెలు చదివే ఉత్తరంలో పెళ్ళానికి ఎవడైనా ఏం రాయగలడు? 'ఇక్కడ నేను క్షేమం. మనియార్డరు అందినదా? ఆవు ఈనినదా? నాయనకు దగ్గు తగ్గినదా?' అన్నీ ఇవే. అయితే ప్రతి ఉత్తరం చివరా ఒక వాక్యం తప్పకుండా ఉండేది: 'ఇంటి ముందర చింతచెట్టుకు నీళ్ళు పోస్తా ఉండండి.' చింతచెట్టుకు నీళ్ళు పోసేవాళ్ళను మీరెక్కడన్నా చూశారా? అందులోనూ కోలారు జిల్లాలో, తాగే నీళ్ళకే బిందె పట్టుకుని అంత దూరం నడిచే చోట! "మా అన్నకు చలికి మతి పోయింది" అని అమ్మ ప్రతిసారీ నవ్వేది. అత్త మాత్రం ఏమీ అనకుండా వంటింట్లోకి పోయేదట.

1971 యుద్ధంలో మామ 9వ ఇంజినీరు రెజిమెంటులో ఉన్నాడు. శకర్‌గఢ్ ప్రాంతం, బసంతర్ నది. పదాతి దళం నది దాటి అవతలి గట్టున చోటు పట్టుకుంది. వాళ్ళకు అండగా 17 పూనా హార్స్ ట్యాంకులు పోవాలంటే మధ్యలో పాకిస్తాను పాతిన మందుపాతరల మైదానం ఉంది. డిసెంబరు 15 రాత్రి సాపర్లు దానిలో దారి చేస్తున్నారు. పని సగంలో ఉండగానే అవతల ఎదురుదాడి మొదలయ్యే సూచనలు కనిపించాయి. ఆగితే అక్కడివాళ్ళు మిగలరని, పూర్తిగా తీయని ఆ మైదానం మీదుగానే ట్యాంకులు సాగిపోయాయి. మర్నాడు అక్కడే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ వీరమరణం పొందాడు. ఆయనకు పరమవీరచక్ర ఇచ్చారు. ఆ సాయంత్రమే తూర్పున ఢాకాలో పాకిస్తాను సైన్యం లొంగిపోయింది.

ఇదంతా నేను పుస్తకాల్లో చదువుకున్నది. మామ చెప్పింది చాలా తక్కువ. 1997లో 'బోర్డర్' సినిమా వచ్చినప్పుడు పిల్లలు చుట్టూ చేరి, "నువ్వు ఎంతమందిని కాల్చినావు తాతా?" అని పీడించారు. "నేను కాల్చిందేమీ లేదురా, నేల తడిమినాను" అన్నాడు. "మోకాళ్ళ మీద కూచుని, గిచ్చినట్టు మెల్లగా పొడవల్ల. గట్టిగా ఏమన్నా తగిలితే ఆగల్ల. తీసినంత మేర రెండు పక్కలా తెల్ల టేపు కట్టల్ల. ఎనకాల వచ్చేవాడు టేపుల నడుమ నడిస్తే బతుకుతాడు." పిల్లలకు అది రుచించలేదు, లేచి ఆటకు పోయారు. నేను మిగిలాను. "ఆ రోజుల్లోనే మీ మరదలు పుట్టిందిరా. నాకు తెలిసింది జనవరిలో" అన్నాడు, అంతే.

ఆ పిల్లను ఆయన మొదటిసారి చూసింది ఏడో నెలలో. మీసాలు చూసి గుక్కపట్టి ఏడ్చిందట. రెండు రోజులు అలాగే ఏడిస్తే, మూడో రోజు పొద్దున మామ ఊరి మంగలిని పిలిపించి మీసాలు తీయించేశాడు. సైనికుడికి మీసమంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. మా తాత వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రిటైరయ్యాక బెంగళూరులో కాపురం పెట్టాడు. మేమూ అప్పటికి బెంగళూరు చేరాం, రెండు వీధుల అవతల ఉండేవాళ్ళం. తెల్లవారి ఐదింటికి లేచి నీళ్ళు పట్టడం, రాగిపిండి జల్లించడం, సంగటి గెలకడం అన్నీ ఆయనే. మగవాడు సంగటి గెలుకుతున్నాడని వీధిలో నవ్వినవాళ్ళున్నారు. "లంగరులో రెండు వందలమందికి వండినోణ్ణి, మీ అత్తకు వండితే తక్కువయిపోతానా?" అనేవాడు. ఆయన చిన్న డైరీలో ఒక లెక్క ఉండేది. నేను బి.కాం. చదివే రోజుల్లో, లెక్కలవాడినని కాబోలు, చూపించాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా 18 ఏళ్ళు. అందులో సెలవుల మీద ఇంట్లో ఉన్నది 2 ఏళ్ళ 10 నెలలు. ఫ్యామిలీ క్వార్టర్సులో అందరూ కలిసి ఉన్నది ఏడాది 9 నెలలు. వెరసి 4 ఏళ్ళ 7 నెలలు. కింద గీత కొట్టి, మిగతా 13 ఏళ్ళ 5 నెలలకు ఎదురుగా 'బాకీ' అని రాసి పెట్టుకున్నాడు.

అత్త విషయంలో ఆ బాకీ తీర్చాడనే అంటాను. కొడుకు విషయంలో తీరలేదు. ఇది దాచిపెడితే మామ గురించి రాయడం దండగ. మా బావ 1964లో పుట్టాడు. తండ్రి శాశ్వతంగా ఇంటికొచ్చేసరికి వాడికి పదిహేనేళ్ళు. అప్పటిదాకా ఏడాదికి రెండు నెలలు చుట్టంలా వచ్చి బిస్కెట్లు తెచ్చే మనిషి, ఒక్కసారిగా పక్క దుప్పటి మడత సరిగా లేదని, చెప్పులు వరసగా లేవని లెక్క అడగడం మొదలుపెట్టాడు. మామకు ప్రేమించడం తెలుసు గాని, పదిహేనేళ్ళ కుర్రాడితో మాట్లాడడం తెలియలేదు. పంతొమ్మిదో ఏట బావ గొడవపడి బొంబాయి వెళ్ళిపోయాడు. తండ్రి సైన్యానికి పారిపోయిన వయసూ అదేనని అమ్మ అంటే, ఇద్దరికీ కోపం వచ్చింది. తర్వాత రాకపోకలు కుదిరాయి, పెళ్ళీ పిల్లలూ అయ్యారు, కాని "నాకు ఉత్తరాల్లో ఉన్న నాన్నే బాగుండేవాడు" అని బావ నాతో ఒకసారి అన్నాడు.

1980లో మామకు మాజీ సైనికుల కోటాలో ఒక బ్యాంకులో ఆయుధ గార్డు ఉద్యోగం వచ్చింది. నేను బ్యాంకు పరీక్ష రాయడానికి కారణం అదే. 1994లో, గుమాస్తాగా ఉన్నప్పుడు, వారం రోజులు డెప్యుటేషను మీద ఆయన బ్రాంచికి వెళ్ళాల్సి వచ్చింది. గేటు దగ్గర నన్ను చూడగానే మామ స్టూలు మీంచి లేచి, మడమలు కలిపి నిలబడ్డాడు. నాకు చెమటలు పట్టాయి. సాయంత్రం ఇంటికి వెళ్ళి, "ఇదేం పని మామా" అంటే, "ఆడ నువ్వు స్టాఫు, నేను గార్డు. ఈడ నువ్వు నా చెల్లెలి కొడుకువి. పో, రెండు బిందెలు నీళ్ళు తోడు" అన్నాడు.

ఆ స్టూలు పక్కన ఒక బెంచీ ఉండేది. మామకు జ్ఞానోదయం ఆ బెంచీ దగ్గర అయింది. పెన్షను తీసుకునే జవాను పోతే, వారి భార్యలు వచ్చి కూర్చునే బెంచీ అది. పాతకాలం పెన్షను ఆర్డర్లలో భార్య పేరు లేనివి చాలా ఉండేవి. పేరు ఉన్నా అక్షరాలు కలిసేవి కావు. ఓటరు లిస్టులో ఒకటి, డిశ్చార్జి బుక్కులో ఇంకొకటి. బ్యాంకు రికార్డు ఆఫీసుకు రాయమంటుంది, రికార్డు ఆఫీసు అఫిడవిట్టు అడుగుతుంది, అక్కణ్ణుంచి కాగితం అలహాబాదులోని పెన్షన్ల కంట్రోలరు ఆఫీసుకు పోవాలి. ఏడాది, రెండేళ్ళు. ఈలోగా ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో ఎవరూ అడగరు. ఆ ఆడవాళ్ళు కౌంటరు దగ్గర ఏడవరు, బయటికి వచ్చి ఆ బెంచీ మీద ఏడుస్తారు. పక్కన తుపాకీ పట్టుకుని కూర్చున్న మామ ఆ ఏడుపులు వినేవాడు.

ఒకరోజు ఇంటికొచ్చి తన నల్ల ట్రంకుపెట్టె దించాడు. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. డిశ్చార్జి బుక్కు తీసి చూస్తే, అత్త పేరు చివర 'అమ్మ' బదులు 'అమ్మాళ్' అని ఉంది! యూనిట్లో పెళ్ళి వివరం నమోదు చేసిన గుమాస్తా తమిళుడు. పాపం, అతనికి ఆడవాళ్ళ పేర్లన్నీ అమ్మాళ్‌తోనే పూర్తయ్యేవి. పుట్టిన తేదీ గడిలో ఏమీ లేదు. పెన్షను ఆర్డరులో అత్త ఊసే లేదు. మామ అలసూరు రికార్డు ఆఫీసుకు తిరిగాడు. 'అమ్మాళ్' 'అమ్మ' అయ్యి, పెన్షను ఆర్డరులో అత్త పేరు చేరేసరికి రెండేళ్ళు దాటింది.

అదే రోజుల్లో అత్తకు సంతకం నేర్పడం మొదలుపెట్టాడు. ఆమెకప్పుడు నలభై దాటాయి. రాత్రి భోజనాలయ్యాక పలక, బలపం. తెలుగులోనే నేర్పాడు. కన్నడంలో నేర్పకూడదా, ఇక్కడ పనికొస్తుంది కదా అని ఎవరో అంటే, "అది దాని పేరు, దాని భాషలో ఉండనీ" అన్నాడు. నాలుగు అక్షరాలకు నాలుగు నెలలు పట్టింది. "నేను పోయినాక నా పెండ్లాం ఏ కౌంటరులోనూ ఏలిముద్ర ఎయ్యకూడదు" అనేవాడు. మాకు అది ఛాదస్తంగా తోచేది.

ఇక నా సంగతి. 2006 నుంచి 80 ఏళ్ళు నిండిన పెన్షనరుకు మూల పెన్షను మీద 20 శాతం అదనంగా ఇస్తున్నారు. ఫ్యామిలీ పెన్షను తీసుకునే భార్యకూ అది వర్తిస్తుంది. అయితే ఆమె పుట్టిన తేదీ రికార్డులో ఉండాలి. ఈ సంగతి నాకు ఆఫీసు సర్క్యులరులో వచ్చింది, చదివి సంతకం పెట్టి పక్కన పెట్టేశాను. మామ దాన్ని ఎక్కడో మాజీ సైనికుల మీటింగులో విని, 2009లో ఫైలు చంకన పెట్టుకుని నా బ్రాంచికి వచ్చాడు. అది మార్చి నెల. "మామా, అత్తకు ఎనభై రావడానికి ఇంకా పదిహేనేళ్ళుంది. నువ్వు నిక్షేపంగా ఉన్నావు. ఇప్పుడెందుకు?" అన్నాను. మళ్ళీ ఏప్రిల్లో వచ్చాడు, ఆడిటర్లున్నారన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నేను సీట్లోంచి లేవకుండానే, తర్వాత చూద్దామని చెయ్యి ఊపాను. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. "ఇది నేను ఉన్నప్పటి సంగతి కాదురా, లేనప్పటి సంగతి" అని, ఫైలు సర్దుకుని, వరసలో వెనక నిలబడ్డ మనిషికి దారి ఇచ్చి వెళ్ళిపోయాడు. డెబ్బై ఏళ్ళ మనిషి రెండు బస్సులు మారి వచ్చాడని నాకు రాత్రి ఇంట్లో గుర్తొచ్చింది.

నా సాయం లేకుండానే ఆ పని చేసుకున్నాడు. అత్త పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. తారణ నామ సంవత్సరం, శ్రావణ మాసం అని మాత్రం ఆమె పుట్టింటి పెద్దలు అనేవారు. పాత పంచాంగాలున్న పురోహితుణ్ణి పట్టుకుని దాన్ని 1944 ఆగస్టుకు దింపాడు. ఓటరు కార్డు, అఫిడవిట్టు జతచేసి పంపాడు. సవరణ ఆర్డరు వచ్చాక దాని జెరాక్సు ఒకటి మా ఇంట్లో కూడా ఇచ్చిపోయాడు. నాతో ఏమీ అనలేదు, అమ్మ చేతికిచ్చాడు.

2018 జనవరిలో మామకు ఎనభై నిండాయి. ఆ 20 శాతం తను తీసుకున్నది తొమ్మిది నెలలే. అక్టోబరులో నిద్రలోనే పోయాడు. ట్రంకుపెట్టె తెరిస్తే పైనే ఒక కవరు, దాని మీద 'ముందు ఇది' అని రాసుంది. డిశ్చార్జి బుక్కు, పెన్షను ఆర్డరు, సవరణ ఆర్డర్లు రెండూ, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో, ఖాళీగా ఉన్న దరఖాస్తు ఫారం, బ్యాంకులో ఎవరికి ఏది ఇవ్వాలో రాసిన చీటీ. మరణ ధృవీకరణ పత్రం ఒక్కటే మేం తేవాల్సి వచ్చింది. రెండో నెలకల్లా అత్త ఖాతాలో ఫ్యామిలీ పెన్షను పడింది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత శుభ్రమైన ఫైలు నేను చూడలేదు.

కవరు కింద ఉత్తరాలు. అత్త దాచుకున్నవి, రెండు వందలకు పైగా. బావ కన్నడం మీడియంలో చదివాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. పదకొండో రోజు రాత్రి నన్ను చదవమన్నాడు. నాలుగు చదివేసరికి, "ఏంటిది, ప్రతిదాంట్లోనూ చింతచెట్టుకు నీళ్ళు?" అన్నాడు. అందరం అత్త వైపు చూశాం. ఆమె చాలాసేపు చెప్పలేదు. "ఇంటినిండా జనం గదా నాయనా. మీ నాయన సెలవులో వస్తే ఇద్దరం నాలుగు మాటలు మాట్లాడుకోను ఆ చెట్టు కిందే తావు" అంది. "రాసేటప్పుడు ఏం రాయను అంటే, నేనే చెప్పినాను, ఆ చెట్టు మాట రాయి, నాకు తెలుస్తాది అని."

బావ లేచి వాకిట్లోకి పోయాడు. మర్నాడు నన్ను పక్కకు పిలిచి, ఆ ఉత్తరాలన్నీ కన్నడ లిపిలోకి ఎత్తి రాసివ్వమని అడిగాడు. మాటలు తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడం. వాడికి, వాడి పిల్లలకు చదువుకోవడానికి. ఒప్పుకున్నాను. ఆదివారాలు కూర్చుని రాస్తున్నాను గాని, ఇంకా సగం దాటలేదు. ఈ విషయంలోనూ మామ దగ్గర నాకు మంచి మార్కులు పడేవి కావు.

2024 ఆగస్టులో అత్తకు ఎనభై నిండాయి. అప్పటికి రక్షణ పెన్షన్లు 'స్పర్శ్' అనే కంప్యూటరు వ్యవస్థకు మారిపోయాయి. ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే 20 శాతం అదనం జమయింది. కనీస ఫ్యామిలీ పెన్షను 9,000 మీద లెక్కేసుకున్నా నెలకు 1,800, ఆపైన కరువు భత్యం. పాసుబుక్కు చూసి, "ఇది ఎవురేసినారు?" అని అత్త నన్నడిగింది. నాకు చప్పున జవాబు రాలేదు.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఆమెను నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. 2014 నుంచి ఇది కంప్యూటరు మీద కూడా ఇవ్వవచ్చు. కౌంటరులోని అమ్మాయి చిన్న యంత్రం ముందుకు జరిపి, "బొటనవేలు పెట్టండి అమ్మా" అంది. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏలిముద్ర వద్దని మీ మామ చెప్పినాడు గదరా" అని నాతో అంది. ఇది ఆ వేలిముద్ర కాదని, చదువుకున్నవాళ్ళూ పెడతారని నచ్చజెప్పాను. పెట్టింది. యంత్రం తీసుకోలేదు. ఇంకో వేలు, ఇంకో వేలు. అరవై ఏళ్ళు రాగులు విసిరి, గిన్నెలు తోమిన వేళ్ళ మీద గీతలు మిగలలేదు. చివరికి ఆ అమ్మాయి విసుక్కోకుండా కాగితం ఫారమే తీసి, "ఇక్కడ సంతకం చేస్తారా?" అని అడిగింది.

అత్త కళ్ళజోడు సవరించుకుంది. నాలుగు అక్షరాలు, ఒక్కొక్కటీ పలక మీద రాసినంత పెద్దవిగా, గడి దాటిపోయేలా. వెనక వరసలో పదిమంది ఉన్నారు. ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. ఆమె తలెత్తి, "ఇంకేడన్నా పెట్టల్లా నాయనా?" అని అడిగింది.